ఊపిరి బిగబట్టిన ఫొటోలు

మార్చి 2, సోమవారం

ఇవాళ వచ్చిన కొత్త పేషెంటు కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే బల్ల మీది ఆల్బమ్ తెరిచి, మొదటి పేజీ మీద వేలు పెట్టి, "డాక్టర్ గారూ, నాకు అచ్చం ఇలాంటి ముక్కు కావాలి" అంది. ఈ పదకొండేళ్లలో ఆ మాట ఎంతమంది అన్నారో. ఆ ముక్కు మా చెల్లిది. నేను ట్రైనింగ్ ముగించుకుని వచ్చిన ఏడాదే చేశాను. ముక్కు కొన లావుగా, గుండ్రంగా ఉందని ఊళ్లో పిల్లలంతా దాన్ని "బుడిపి" అని ఏడిపించేవారు. సన్నగా చెక్కి ఇచ్చాను. ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ఎవరి ముక్కండీ అని అడిగితే మాత్రం చెప్పను. నవ్వి ఊరుకుంటాను. ఆ నవ్వులో కొంచెం గర్వం ఉంటుంది, ఉండనీ, ఇది నా డైరీ.

సాయంత్రం చెల్లే వచ్చింది. నా కోటు చేతులు పొట్టి చేసి తెచ్చింది. దానిది టైలరింగ్ షాపు. మా క్లినిక్ లిఫ్టు పాడై మెట్లెక్కి వచ్చింది. గదిలోకి వచ్చేసరికి నోరు తెరుచుకుని రొప్పుతోంది.

"రెండంతస్తులకేనటే?" అన్నాను.

"జలుబక్కా."

దీనికి ఏడాదంతా జలుబే. రోజంతా ఆ బట్టల పీచులో కూర్చుంటే రాక ఏం చేస్తుంది? దుమ్ము పడదని చెప్పి, ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చాను. రెండు వారాలు వాడమన్నాను. కోటు బాగా కుదిరింది.

మార్చి 6

స్ప్రే పని చేస్తోందా అని ఫోన్ చేశాను. "చేస్తోందక్కా, హాయిగా ఉంది" అంది. చూశావా మరి. దుమ్మే.

మార్చి 9

మధ్యాహ్నం దాని షాపుకి వెళ్లాను. చెప్పకుండా వెళ్లాను కాబట్టి నన్ను చూసుకోలేదు. పెద్ద బల్ల మీద నల్ల గుడ్డ పరిచి, కుడిచేత్తో సుద్దతో గీతలు గీస్తోంది. ఎడమచేతి వేలు ముక్కు పక్కన చెంప మీద పెట్టి చెవి వైపుకి లాగింది. ఒక ఊపిరి పీల్చింది. వదిలేసింది. మళ్లీ లాగింది. గీత గీసినంతసేపూ ఇదే. అలా చేస్తున్నట్టు దానికే తెలిసినట్టు లేదు.

"ఎంతసేపైంది వచ్చి? పిలవొచ్చుగా" అంది నన్ను చూసి.

ఇదివరకు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని కుట్టేది. నోరు మూసుకుని, ఊఁ, ఊఁ అంటూ జవాబులు చెప్పేది. ఇవాళ చూస్తే మణికట్టుకి చిన్న దిండు కట్టుకుని అందులో గుచ్చుకుంది. ఎప్పటినుంచి అని అడిగితే "మింగేస్తానేమో అని భయం" అంది. మంచి అలవాటే అన్నాను.

చెంప లాగడం కూడా ఏదో అలవాటే అయ్యుంటుంది. చిన్నప్పుడు జడ కొస నమిలేది. అలాంటిదే.

మార్చి 10

దుమ్ము కాదు.

మార్చి 11

ముక్కులో గాలి ఎక్కడ ఆగుతోందో తెలుసుకోవడానికి మేము క్లినిక్‌లో చేసే మొదటి పరీక్ష ఏమిటంటే, చెంపని పక్కకి లాగి పీల్చమనడం. అప్పుడు గాలి ఆడితే ముక్కు పక్క గోడ బలహీనంగా ఉన్నట్టు. నేను వేలమందికి చేశాను. మా చెల్లి దాన్ని తనంతట తానే కనిపెట్టుకుని, రోజూ చేసుకుంటోంది. నిన్నంతా ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి చేతులు రాలేదు.

ఇవాళ టార్చి పట్టుకుని షాపుకి వెళ్లాను. తలుపు వేసి, దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

"ముక్కుతో గట్టిగా పీల్చు."

"ఎందుకూ?"

"పీల్చవే!"

పీల్చింది. రెండు పక్కలా ముక్కుపుటాలు లోపలికి పోయి మధ్య గోడకి అతుక్కున్నాయి. మెత్తటి స్ట్రాని గట్టిగా పీలిస్తే ఎలా అతుక్కుంటుందో అలా. పుల్లకి చుట్టిన దూది తీసుకుని, ముక్కు లోపల ఆ మెత్తబడిన గోడ దగ్గర పెట్టి, పడిపోకుండా పట్టుకున్నాను. "ఇప్పుడు పీల్చు" అన్నాను.

కళ్లు పెద్దవి చేసింది. దూది తీసేశాను.

"మళ్లీ పెట్టు" అంది.

పెట్టాను. నాలుగుసార్లు పెట్టించుకుంది. ఐదోసారి ఏడ్చేసింది.

"ఎప్పటినుంచే?"

"కట్టు విప్పిన నెలకి మొదలైంది."

"పదకొండేళ్లా! నోరుంది కదే, చెప్పొచ్చు కదా!"

"ఆ నోటితోనే కదా గాలి పీలుస్తున్నా. ఇంక మాట్లాడ్డానికి ఖాళీ ఏదీ?" అంది, ఏడుపులోనే నవ్వుతూ. తర్వాత ముక్కు తుడుచుకుని మెల్లగా చెప్పింది. "ఎవరొచ్చినా నన్నే చూపిస్తావు కదక్కా. మొదటి పేజీలో పెట్టుకున్నావు. నీకు అంత పేరొస్తుంటే నేనే వచ్చి నాకు గాలాడట్లేదంటే ఏం బాగుంటుంది? అందంగా ఉండాలంటే ఇంతేనేమో అని సర్దుకున్నా."

తిట్టడానికి నోరు తెరిచాను. ఎవర్ని తిట్టాలో తెలియక మూసుకున్నాను.

మార్చి 12

రాయాలని లేదు.

మార్చి 13

ఆ రోజుల్లో కొన సన్నబడాలంటే అందరం చేసే పని ఒకటే. కొన లోపల రెండు వైపులా రెక్కల్లా ఉండే మృదులాస్థి (కార్టిలేజ్) పైభాగం కోసి తీసెయ్యడం. కానీ ముక్కుపుటం తెరుచుకుని నిలబడేది ఆ రెక్క బలం మీదే. అందుకని కనీసం ఆరు మిల్లీమీటర్ల వెడల్పు వదలాలి. నేను వదిలాను. పాత ఫైలు తీసి చూశాను, నా చేతిరాతతోనే ఉంది, రెండు వైపులా ఆరు. మరి ముక్కుపుటం ఎందుకు పడిపోయింది? చర్మం పల్చన కావచ్చు. మానే తీరు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

ఫైల్లో ఫొటోలు ఉన్నాయి. మూడో నెల, ఆరో నెల, ఏడాది, మూడేళ్లు, అన్నీ చక్కగా ఉన్నాయి. మా నర్సుని పిలిచి ఇవి ఎలా తీశావో చెప్పమన్నాను. "మీరు చెప్పినట్టే డాక్టర్ గారూ. కదలకుండా, ఊపిరి బిగబట్టమని" అంది.

నేను చెప్పినట్టే. ముక్కుపుటాలు కదిలితే ఫొటో చెడిపోతుందని నేనే నేర్పాను. అంటే పదకొండేళ్లుగా నేను కొలిచింది ఊపిరి ఆపిన ముక్కుల్నే. ఆపరేషన్ అయ్యాక ఒక్క మనిషినీ నా ఎదురుగా కూర్చోబెట్టుకుని పీల్చమని చూడలేదు. కట్టు విప్పాక పరీక్షలన్నీ ఆ ఫొటోలతోనే. తల కొట్టేసినట్టయింది.

ఆల్బమ్ మొదటి పేజీ చింపేశాను. ఫోన్ చేసి చెబితే చెల్లి గయ్యిమంది. "ఎందుకు చింపావు? అందులో బాగానే ఉన్నాను కదా!" అంది.

మార్చి 16

కొలబద్ద దగ్గరికి వెళ్లాను.

అతను ఆరేళ్ల కిందట నా దగ్గర పని నేర్చుకున్నవాడు. జేబులో ఎప్పుడూ చిన్న స్టీలు స్కేలు పెట్టుకుని, ఆపరేషన్‌లో ప్రతి ముక్కా కొలిచి గట్టిగా చదివేవాడు. అందుకే ఆ పేరు. "మేడమ్, కొయ్యకుండా కుట్టు వేసి రెక్కని లోపలికి వంచితే కొన సన్నబడుతుంది, బలమూ పోదు" అని వాదించేవాడు. "అయితే నువ్వో టైలరింగ్ షాపు పెట్టుకో" అన్నాను ఒకసారి, అందరి ముందూ. ఆ తర్వాత నెలకే వేరే ఆసుపత్రికి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఊపిరాడని ముక్కులు బాగుచేయించుకోవాలంటే అందరూ అతని దగ్గరికే వెళ్తారు. ఈ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు.

అతను ఏమైనా దెప్పితే ఏం జవాబివ్వాలో దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాను. అతనేమో "కాఫీ తాగుతారా మేడమ్?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. దెప్పి ఉంటే బాగుండేది.

చెల్లి ఊపిరి పీలుస్తుండగా తీసిన వీడియో చూపించాను. మూడుసార్లు చూశాడు.

"చెవి వెనక నుంచి కొంచెం కార్టిలేజ్ తీసి, రెండు రెక్కల కిందా ఆసరాగా పెడదాం. కొనని కుట్లతో సర్దుదాం. రెండో ఆపరేషన్ కదా, లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది. పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేను."

"సరే. నేను చేస్తాను, నువ్వు పక్కన ఉండు."

"వద్దు మేడమ్."

"ఎందుకు వద్దు?"

"మీ కళ్లు కొన మీదికే పోతాయి."

కాఫీ సగం వదిలేసి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే అర్థమైంది, నిజమే చెప్పాడని. అయినా కోపం పోలేదు.

మార్చి 21

చెల్లి ఇంట్లో అందరం కూర్చున్నాం. అందరం అంటే నేను, చెల్లి, దాని భర్త అయిన మా మరిది. మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. పది మాటలు అనాల్సిన చోట రెండు అంటాడు.

"మళ్లీ బుడిపి అవుతానా?" అని చెల్లి మొదటి ప్రశ్న.

"కొంచెం లావవుతుంది. పాతంత కాదు" అన్నాను.

మళ్లీ వెక్కిరిస్తారని దాని భయం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని ఎవరు వెక్కిరిస్తారే అంటే, అద్దం వెక్కిరిస్తుంది అంది. ఇంతకీ లోపల ఏం పెడతారో చెప్పమంది. నేను బొమ్మ గీసి, రెక్కలు, ఆసరా, కుట్లు, అన్నీ వివరించాను. కాగితం తిప్పి తిప్పి చూసింది.

"ఓస్, కాలర్‌లో బక్రం పెట్టినట్టా! మెత్తటి గుడ్డతో కాలర్ కుడితే వాలిపోతుంది, నిలబడాలంటే లోపల బక్రం పెట్టాల్సిందే" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "వదులుగా ఉంటే మడిచి టక్కు వేస్తాం గానీ ముందే కత్తిరిస్తామా? కత్తిరించాక ఏం చేస్తావు? నా ముక్కు మీద కత్తెర వేసే ముందు నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదక్కా!"

మరిది పకపకా నవ్వాడు. అతను అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ నవ్వాగలేదు. పన్నెండు రోజుల తర్వాత నవ్వాను.

ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. "ఆపరేషన్ చేసేటప్పుడు అక్క లోపలే ఉండాలి. కత్తి మాత్రం పట్టుకోకూడదు."

ఏప్రిల్ 2

రేపే. భయంగా ఉంది. నాకు ఆపరేషన్ అంటే భయం వేయడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 3

మూడున్నర గంటలు పట్టింది. చేతులు కట్టుకుని నిలబడమంటే ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. రెండుసార్లు నా చెయ్యి దానంతటదే ముందుకి పోతే నర్సు మర్యాదగా పక్కకి నెట్టింది.

కొలబద్ద ముందు రెండు ముక్కుపుటాల మధ్య కింద చిన్న గాటు పెట్టి చర్మం పైకి లేపాడు. పాత మచ్చల్ని దారం దారంగా విడదీశాడు. కుడి రెక్క బయటపడింది. రిబ్బను ముక్కలా ఉంది. దాని మీద తన స్కేలు పెట్టాడు. ఎప్పుడూ అంకె గట్టిగా చదివేవాడు, ఇవాళ చదవలేదు. కొలిచి, స్కేలు తీసేసి, పనిలో పడిపోయాడు.

నేను ముందుకి వంగి చూశాను.

"మూడు. రాయండి" అన్నాను నర్సుతో.

ఎడమది కొలిచాడు. అదీ నేనే చెప్పాను. మూడు కూడా లేదు.

నా ఫైల్లో ఆరు అని ఉంది. అబద్ధం రాయాలని రాయలేదు, ఆ సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. అంత ఉంటుందనుకుని రాసేశాను. కొలవలేదు. కొన ఎంత అందంగా వచ్చిందో చూసుకుంటూ ఉన్నాను. పల్చటి చర్మం, మానే తీరు అని ఈ డైరీలోనే రాసుకున్నాను మొన్న. అవేమీ కాదు. ఎక్కువ కోశాను, అంతే.

చెవి నుంచి తీసిన ముక్కని సన్నటి రెండు పట్టీలు చేసి, ఒక్కో రెక్క కింద జేబులా చేసిన చోట దూర్చి కుట్టాడు. కొనకి మూడే మూడు కుట్లు వేశాడు. ఒకటి నచ్చక విప్పి మళ్లీ వేశాడు. విప్పొచ్చు కాబట్టి విప్పాడు. చూస్తుంటే ముచ్చటేసింది. ఈ పని నేర్చుకోకుండా ఆ రోజుల్లో ఇతన్ని ఆటపట్టించానా అనుకుంటే సిగ్గేసింది.

చేతులు కడుక్కునే చోట చెప్పాను. "ఆ రోజు అందరి ముందూ అలా అనాల్సింది కాదు. తప్పు నాదే."

"ఏ రోజు మేడమ్?" అన్నాడు. గుర్తు లేనట్టు నటించడం అతనికి చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి.

ఏప్రిల్ 10

కట్టు విప్పాం. కొన వాచి గుండ్రంగా ఉంది. చెల్లి అద్దం చూసుకుని, "వచ్చావా బుడిపీ" అని పలకరించింది. దాని గుండె ధైర్యానికి మెచ్చుకోవాలి.

"పీల్చు" అన్నాడు కొలబద్ద.

పీల్చింది. మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఏం మారలేదు" అంది.

వాపు వల్లనే అని అతను చెప్పాడు. గోడ లోపలికి పడిపోవడం లేదు, చూడండి మేడమ్, అని టార్చి వేసి నాకు చూపించాడు. నిజమే, నిలబడే ఉంది. వాపు తగ్గాలి, ఇంకో రెండు మూడు వారాలు ఆగాలి. ఇవన్నీ నేను పేషెంట్లకి రోజూ చెప్పే మాటలే. ఇవాళ వింటుంటే ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 14

ఫోన్ చేశాను. "అలాగే ఉందక్కా."

ఏప్రిల్ 16

అలాగే ఉందట. రోజూ అడగొద్దంది.

ఏప్రిల్ 17

అడిగాను. తిట్టింది.

ఏప్రిల్ 19

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని పాత రిజిస్టర్లు దింపాను. ముందుగా మొదటి నాలుగేళ్లవి చూస్తే, అదే పద్ధతిలో చేసినవాళ్లు ముప్పై ఒక్కమంది. నర్సుని చెయ్యమనకుండా నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. "ముక్కుతో గట్టిగా పీలిస్తే ఎలా ఉంటోంది?" ఇదొక్కటే ప్రశ్న. ఇవాళ తొమ్మిదిమంది దొరికారు. ఏడుగురు శుభ్రంగా ఉన్నారు. ఒకాయనైతే ఫోన్లోనే బుసబుసా పీల్చి వినిపించాడు. ప్రాణం లేచొచ్చింది. ఇద్దరికి ఇబ్బంది ఉంది. అందులో ఒకావిడ, "ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారేమో అనుకున్నానండీ" అంది. కోపంగా అనలేదు. క్షమించమని అడిగాను. ఇద్దరినీ గురువారం కొలబద్ద దగ్గరికి తీసుకెళ్తున్నాను.

ఫొటోలతో పాటు ఇకమీదట వీడియో కూడా తియ్యాలని మా నర్సుకి చెప్పాను. "ఊపిరి పీలుస్తూనా?" అని అడిగింది. పీలుస్తూనే.

ఏప్రిల్ 23

ఇద్దరినీ చూపించాను. బాగుచేయొచ్చన్నాడు. ఒకావిడకి కుట్లు వేసేది నేను, కొలిచేది అతను, అని ఒప్పందం. స్కేలు నా చేతికి ఇవ్వడట.

చెల్లికి వాపు చాలా తగ్గింది. కొన చూడ్డానికి పాతదీ కాదు, నేను చేసిందీ కాదు. కొంచెం గుండ్రం, కొంచెం సన్నం. దాని మొహానికి కుదిరింది. గాలి సంగతి అడగలేదు. అడగొద్దంది కదా. చెల్లీ చెప్పలేదు. చెప్పలేదంటే లేనట్టేనేమో. వాపు ఇంత తగ్గాక కూడా రాకపోతే ఇక రాదు.

ఏప్రిల్ 26, ఆదివారం

మధ్యాహ్నం మూడింటికి మరిది ఫోన్ చేశాడు. అతను నాకెప్పుడూ ఫోన్ చెయ్యడు. పేరు చూడగానే చేతిలో పని వదిలేసి ఎత్తాను.

"వదినగారూ, ఒకసారి రాగలరా?" గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"ఏమైంది?"

"భోంచేసి పడుకుంది. గంట దాటింది. చప్పుడు లేదండీ."

"చప్పుడు లేకపోవడమేంటి?"

"పెళ్లయిన దగ్గర్నుంచి పడుకుంటే నోరు తెరుచుకునే పడుకుంటుందండీ. గుర్రు వంటింట్లోకి వినపడుతుంది. ఇవాళ నోరు మూసుకునుంది. ఏ శబ్దమూ లేదు. నాకేదో భయంగా ఉంది."

"లేపి చూశావా?"

"లేపడానికే భయంగా ఉందండీ."

నాకు విషయం అర్థమైంది. అర్థమైనా నోటితో అనడానికి ధైర్యం చాల్లేదు. "ముక్కు కింద వేలు పెట్టి చూడు" అన్నాను.

అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు కిర్రుమంది. తర్వాత ఎంతసేపో ఏమీ లేదు. ఫోన్ చెవికి గట్టిగా అదిమిపెట్టుకున్నాను.

"వదినగారూ..." అన్నాడు. "గాలి తగుల్తోందండీ. వెచ్చగా తగుల్తోంది. రెండు వైపులా."

ఇంతలో వెనక నుంచి చెల్లి గొంతు. "నిద్రపోతుంటే ముక్కులో వేలు పెడతావేంటయ్యా! ఎవరితో మాట్లాడుతున్నావు? అక్కా? అక్కకేం పని లేదా?"

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. హమ్మయ్య, హమ్మయ్య అంటూనే ఉన్నాను. కాస్త తేరుకున్నాక, ఫోన్ దానికి ఇవ్వమన్నాను. రెండు మాటలు మాట్లాడదామని.

"మళ్లీ పడుకుందండీ" అన్నాడు మరిది.